వాలుకప్పు గదిలో బట్టల బీరువా

మా వసతిగృహపు మేడమీది గదికి ఇరువైపుల కప్పు వాలియున్నది. పైన మంగుళూరు పెంకులు. (అంచుల గాడులు ఒకదాని నొకటి పట్టుకొను ఈ పెంకులను చేయు కార్ఖానాను బాసెల్ మిషనువారు 1865లో మంగుళూరున స్థాపించిరి.) గది నడుమ మనుష్యుడు నిలువుగా నడువగలడు, చూరు చెంత గోడ యెత్తు రెండున్నర అడుగులే. ఇట్టి చోట అంగడి బీరువా పట్టదు గనుక, పిల్లల బట్టల కొరకు మేమే యొకటి కట్టించ బూనితిమి.

మొదటి ప్రయత్నము చెడినది. చోటు కలిసివచ్చునని పలకలను వాసములకే మేకులతో బిగించితిమి. ఆ వర్షకాలమున ఒక పెంకు పగిలి, నీరు పలకల వెనుక దిగుచుండినను మాకు కనబడలేదు. బడి వార్షికోత్సవమునకై ఒక బాలుడు దాచుకొనిన తెల్లచొక్కా బూజుపట్టి మరకలాయెను. అది అతని తల్లి తన చేతితో కుట్టినది. మేము వేరొకటి కుట్టించి యిచ్చితిమి. అతడు పుచ్చుకొనెను గాని ఆ దినమున మరకల చొక్కానే తొడిగికొని వచ్చెను.

రెండవసారి కొలతలు జాగ్రత్తగా తీసితిమి. కప్పు వాలు 30 డిగ్రీలు. గోడనుండి ఒక్కొక్క అడుగు లోపలికి వచ్చినకొలది ఎత్తు సుమారు 7 అంగుళములు హెచ్చును. గోడయొద్ద 30 అంగుళములు, మూడడుగుల దూరమున 51, నాలుగడుగుల దూరమున 58. సరూప త్రిభుజములు ఎందుకని యడుగు విద్యార్థులు ఈ లెక్క తామే వేసి చూతురుగాక.

చొక్కా తగిలించు కొయ్య వెడల్పు 18 అంగుళములు. కావున దండెమును గోడకు మూడడుగుల దూరమున, నేలనుండి 42 అంగుళముల యెత్తున అమర్చితిమి. కొయ్య వెనుకటి కొన వద్ద కప్పు 5 అంగుళములు దిగినను తగులదు. చొక్కా అంచు నేల నంటదు. తలుపులు నాలుగడుగుల దూరమున నుండును. దండెము వెనుక మిగిలిన పొట్టి చోటు వ్రేలాడదీయుటకు పనికిరాదు; అచట చక్రములు గల పెట్టెలలో రగ్గులుంచి, ప్రక్కతలుపునుండి లాగుదుము.

ప్రక్కపలక వాలును కంటి అంచనాతో కోయరాదు. దారమునకు గుండు కట్టి వ్రేలాడదీసి, అట్టముక్కపై వాలు గీసి, ఆ అట్టను కప్పుక్రింద సరిచూచి, పిమ్మట రంపము పట్టవలెను. మామిడిపలక చవుక గాని పురుగు పట్టును. టేకు కొనలేక మేము వేపపలక వాడితిమి.

అన్నిటికంటె ముఖ్యము: బీరువా పైభాగమునకును పెంకులకును నడుమ మూడంగుళముల సందు విడిచితిమి. గాలి ఆడును, కారుచోటు కంటబడును. ఏటేట మృగశిర కార్తెకు ముందు పెట్టెలన్నియు బయటికి లాగి, దీపము పట్టుకొని ఆ సందులో చూచుచున్నాము.