కౌన్సెలర్ పంచాయితీ పెద్ద కాదు

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక సీటు కోసం వెళ్లేదీ కౌన్సెలింగే. పండగల ముందు రౌడీషీటర్లను స్టేషన్‌కు పిలిచి హెచ్చరించి పంపేదీ కౌన్సెలింగే. తాగి బండి నడిపి దొరికినవాళ్లను ఇంట్లోవాళ్లతో సహా కూర్చోబెట్టి పోలీసులు చెప్పేదీ అదే. మొగుడూ పెళ్లాల గొడవ స్టేషన్ దాకా వెళ్తే అక్కడా "కౌన్సెలింగ్ ఇచ్చి పంపాం" అంటారు. సీట్ల సంగతి పక్కన పెడితే, మిగతా అన్నిచోట్లా ఒకరు చెబుతారు, ఒకరు తలవంచుకుని వింటారు. మనసు బాగోలేక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేవాళ్ల ఊహలోనూ ఈ పెద్దమనిషే ఉంటాడు: తప్పొప్పులు తేలుస్తాడు, మందలిస్తాడు, విన్నది ఇంటిపెద్దల చెవిన వేస్తాడు. కౌన్సెలర్ల బాధ్యతల మీద మనకున్న అపోహలు చాలావరకు ఇక్కడినుంచే పుట్టాయని నా నమ్మకం.

"ఫీజు కట్టేది మేము. మా అమ్మాయి మీతో ఏం చెప్పిందో మాకు చెప్పరా?"

ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. భయంతోనే అడుగుతారు. కానీ ఫీజు ఎవరు కట్టినా ఆ గదిలో జరిగిన మాట అమ్మాయిదే. 2017లో వచ్చి, 2018 మే నెలాఖరు నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ దీన్ని రోగి హక్కుగానే రాసింది. చికిత్స చేసేవాళ్లు ఆమె ఆరోగ్య వివరాలను గోప్యంగా ఉంచాలి. ఆమె తన ప్రతినిధిగా ఎవరినైనా ఎంచుకుంటే వాళ్లకు చెప్పవచ్చు. ఆ ఎంపిక ఆమె చేతిలో ఉంటుంది.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయం కొంత వేరు. చట్టం ప్రకారం వాళ్ల ప్రతినిధి సంరక్షకులే. అలాగని ప్రతి మాటా మోసుకెళ్లి చెప్పమని కాదు. పద్ధతి తెలిసిన కౌన్సెలర్ మొదటిరోజే పిల్లనీ తల్లిదండ్రులనీ ఒకచోట కూర్చోబెట్టి గీత గీస్తారు: ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మీకు చెబుతాను, ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే ఊరుకోను, మిగతాది తనకూ నాకూ మధ్యే ఉంటుంది. ఈ మాట అందరి ముందూ అనుకోకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. తను చెప్పింది సాయంత్రానికి అమ్మ నోట వినపడిందా, ఆ పిల్ల ఇక నోరు విప్పదు. ఆ గదిలోనే కాదు, ఇంకో పదేళ్లపాటు ఎవరి దగ్గరా విప్పకపోవచ్చు.

చిన్న ఊళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. ఫంక్షన్ హాల్లో ఏదో పెళ్లిలో ఎదురుపడితే కౌన్సెలర్ మిమ్మల్ని చూసీ చూడనట్టు పోవచ్చు. దాన్ని పొగరనుకోకండి. తాను ముందు పలకరిస్తే పక్కనున్న అత్తయ్య "ఆవిడ నీకెలా తెలుసు?" అని అడుగుతుంది. అందుకే మీరు పలకరించేదాకా ఆగుతారు.

"ఏం చెప్పినా ఆ గుట్టు ఎప్పటికీ బయటికి రాదు"

ఇది మొదటిదానికి సరిగ్గా ఎదురు అపోహ. చదువుకున్నవాళ్లలో ఎక్కువ. ఇది ఎందుకు తప్పో చూపే, ప్రపంచమంతా పాఠంగా చదివే కేసు ఒకటుంది, అందులో మన దేశం వాడే ఉన్నాడు. బెంగాల్ నుంచి అమెరికా వెళ్లి బర్కిలీలో చదువుతున్న ప్రొసెన్‌జిత్ పొద్దార్ 1969లో విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలోని సైకాలజిస్టుతో ఒక యువతిని చంపుతానని చెప్పాడు. తనను కాదన్న టటియానా తరాసాఫ్ ఆమె. సైకాలజిస్టు ఊరుకోలేదు, క్యాంపస్ పోలీసులకు చెప్పాడు. వాళ్లు పొద్దార్‌ను పట్టుకుని, మామూలుగానే మాట్లాడుతున్నాడని వదిలేశారు. ఆ అమ్మాయికి గానీ కన్నవాళ్లకు గానీ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. అక్టోబరులో ఆమెను చంపేశాడు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1974లో ఇచ్చిన తీర్పు, ముప్పులో ఉన్న మనిషిని హెచ్చరించాలంది. కేసు మళ్లీ విన్నాక 1976లో ఇంకో అడుగు వేసి, హెచ్చరించి చేతులు దులుపుకుంటే సరిపోదు, కాపాడడానికి తగిన చర్య ఏదైనా తీసుకోవాలంది. ఆ సైకాలజిస్టు గుట్టు దాచనూ లేదు, పూర్తిగా నిర్లక్ష్యమూ చేయలేదు. అయినా ఒక ప్రాణం పోయింది. అందుకే ఈ కేసు చదివిన ప్రతిసారీ నాకు ఊపిరి ఆడనట్టుంటుంది.

అది అమెరికా తీర్పు, మన కోర్టులను కట్టిపడేయదు. కానీ మన 2017 చట్టం కూడా ఇంకొకరికి హాని జరగకుండా ఆపడానికి, ప్రాణాపాయం తప్పించడానికి అవసరమైనంత మేరకు సమాచారం చెప్పవచ్చంది. అవసరమైనంత అన్నది ముఖ్యం. కథంతా చెప్పాల్సిన పని లేదు. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే మాత్రం ఇక్కడ ఎంపికే లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాస్తే శిక్ష ఉంటుంది. నిజాయితీ గల కౌన్సెలర్ ఈ హద్దులన్నీ మీరు నోరు తెరవకముందే చెబుతారు, తెరిచాక కాదు.

చావాలనిపిస్తోందని చెబితే పోలీసు కేసవుతుందని భయపడి నోరు మెదపనివాళ్లున్నారు. అలాంటి ఆలోచన చెప్పుకోవడం నేరం కాదు. ప్రయత్నం చేసినవాళ్లను కూడా తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే భావించాలని అదే 2017 చట్టం 115వ సెక్షన్ అంటోంది. రాత్రిపూట మాట్లాడడానికి ఎవరూ లేకపోతే 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

"పేరు మార్చి చెబితే తప్పేముంది?"

తప్పుంది. ఈమధ్య రీళ్లలో, యూట్యూబ్‌లో కౌన్సెలర్లు "నా దగ్గరికొచ్చిన ఒక కేసు" అంటూ చెబుతున్నారు. పేరు మారుస్తారు. కానీ ఊరు, ఉద్యోగం, రెండో పెళ్లి, అమెరికాలో కొడుకు అని నాలుగు ముక్కలు చెప్పాక ఆ వీధిలో పేరుతో పనేముంది? అనుమతి లేకుండా ఫొటోలు, వివరాలు మీడియాకు ఇవ్వకూడదని 2017 చట్టం 24వ సెక్షన్ చెబుతోంది.

"మంచి మనసుండి అనుభవమున్న ఎవరైనా కౌన్సెలింగ్ చేయవచ్చు"

మంచి మనసు ఉండాల్సిందే. దానితో ఆగిపోతే ప్రమాదం. సైకియాట్రిస్టు వైద్యం చదివిన డాక్టరు, మందులు రాయగలిగేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టుకు 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడిగే హక్కు మీకుంది. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం చాలాకాలం ఎవరు పడితే వాళ్లు తగిలించుకోగలిగారు. 2021లో వచ్చిన ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం వాళ్లను కూడా ఒక పద్దులోకి తెచ్చింది. ఏం చదివారో, ఎవరి పర్యవేక్షణలో పని నేర్చుకున్నారో అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర ఉండకండి. డాక్టరు రాసిన మందులు ఆపేయమనే కౌన్సెలర్ తన గీత దాటినట్టే. తనకు చేతకాని కేసును చేతనైనవాళ్ల దగ్గరికి పంపడం ఓటమి అనుకునేవాళ్లూ అంతే.

"మావాడి మనసు మార్చి పెళ్లికి ఒప్పించండి"

ఈ కోరిక వెనక ప్రేమ ఉంటుంది, పరువు ఉంటుంది. పిలిచింది కుటుంబమే అయినా కౌన్సెలర్ పనిచేయాల్సింది ఎదురుగా కూర్చున్న మనిషి కోసం. సమాజపు నీతులకు, ఆచారాలకు సరిపోనంత మాత్రాన ఎవరికీ మానసిక వ్యాధి ఉందని తేల్చకూడదని 2017 చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది. స్వలింగ ఆకర్షణను "నయం చేస్తాం" అనే ప్రయత్నాలను మద్రాసు హైకోర్టు 2021లో నిషేధించింది. ఆ కేసు విన్న జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తనకు తెలియని విషయం తెలుసుకోవడానికి తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చున్నారు. మరుసటి ఏడాది జాతీయ వైద్య కమిషన్ అలాంటి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. దెబ్బలు తిని వచ్చిన భార్యకు "సర్దుకుపో తల్లీ" అని చెప్పి పంపడమూ నా లెక్కలో ఇదే కోవలోకి వస్తుంది.

"మనవాళ్లే కదా, మొహమాటం దేనికి?"

మనవాళ్లు కాబట్టే. మేనమామ భార్య కౌన్సెలర్ అయితే ఆమె మిమ్మల్ని ఇంకొకరి దగ్గరికి పంపాలి. వేసవిలో తెచ్చిచ్చిన ఆవకాయ జాడీ తీసుకోవడం పాపం కాదు, బంగారు ఉంగరం తీసుకోవడం తప్పు. శారీరక సంబంధం మాత్రం ఏ పరిస్థితుల్లోనూ కుదరదు. "ఆమే ఇష్టపడింది" అన్న మాట ఇక్కడ చెల్లదు. గుండె విప్పి చెప్పుకున్న మనిషికీ, విన్న మనిషికీ మధ్య బలం సమానంగా ఉండదు. అమెరికన్ సైకాలజిస్టుల నీతి నియమావళి చికిత్స ముగిశాక కూడా కనీసం రెండేళ్లు దీన్ని పూర్తిగా నిషేధించింది, ఆ తర్వాత కూడా అరుదైన పరిస్థితుల్లో తప్ప ఒప్పుకోదు.

ఇక సంతకం సంగతి. మొదటిరోజు ఇంగ్లీషులో ఒక కాగితం ముందు పెడతారు, "ఫార్మాలిటీ అండీ" అంటారు, మనం పెట్టేస్తాం. గోప్యత హద్దులు, ఫీజు, చికిత్సలో ఏం చేయబోతున్నారు, వేరే దారులేమున్నాయి, మధ్యలో మానేయవచ్చా అన్నవన్నీ అందులోనే ఉండాలి. సమ్మతి అంటే మనిషికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పి తీసుకున్నదేనని 2017 చట్టం నిర్వచించింది. కరీంనగర్‌లో అయినా కాకినాడలో అయినా ఆ కాగితం తెలుగులో చదివి వినిపించమని అడగండి. వినిపించాకే పెన్ను పట్టుకోండి.