సొట్ట తీసే ముందు చరిత్ర చదవాలి

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో ఏరు దాటగానే అరియాంకుప్పం. ఆ ఏటి ఒడ్డునే ఉంది అరికమేడు. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వితే ఇటలీ నుంచి వచ్చిన ఎర్ర మట్టిపాత్రల ముక్కలు దొరికాయి. అవి ఏ కాలంలో తయారయ్యాయో ముందే తెలుసు కాబట్టి, అదే పొరలో దొరికిన మన వస్తువుల వయసూ లెక్కకు వచ్చింది. 1989-92 మధ్య విమలా బెగ్లీ మళ్లీ తవ్వించి ఆ లెక్కలను సవరించారు. పాత ఫ్రెంచ్ హార్న్ బాగుచేతకు వచ్చినప్పుడు మంచి పనివాడు మొదట చేసేది కూడా ఇలాంటి పరిశోధనే. ఏ భాగం ఏ కాలానిది, ఏది పుట్టుకతో ఉన్నది, ఏది తర్వాత అతికించినది అని తేల్చుకున్నాకే సుత్తి పడతాడు.

ఫ్రెంచ్ హార్న్ అంటే గుండ్రంగా చుట్టిన ఇత్తడి గొట్టం. ‘ఎఫ్’ శ్రుతి హార్న్ చుట్టలు విప్పి సాగదీస్తే సుమారు 12 అడుగులు ఉంటుంది. ఊదే చోట గరాటు ఆకారపు చిన్న మౌత్‌పీస్, రెండో కొసన అడుగు వెడల్పున విచ్చుకున్న నోరు.

దీని పుట్టుక వేటలో. 17వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో రాజులు, ప్రభువులు గుర్రాల మీద అడవికి వెళ్తే, జింక ఎటు పారిపోయిందో, కుక్కలు ఎక్కడున్నాయో ఈ బూర పలుకులే చెప్పేవి. 1680 ప్రాంతంలో అక్కడికి వెళ్లిన బొహీమియా ప్రభువు కౌంట్ స్పోర్క్ ఆ నాదానికి ముగ్ధుడై, తన నౌకర్లు ఇద్దరికి ఆ విద్య నేర్పించాడు. అలా మధ్య యూరప్‌కు చేరిన వేటబూర క్రమంగా సంగీత సభల్లోకి వచ్చింది.

అప్పటి హార్న్‌కు మీటలు లేవు. శ్రుతి మార్చాలంటే ఒక గొట్టం ముక్క తీసి, ఇంకో పొడవుది తగిలించాలి. 1750 ప్రాంతంలో డ్రెస్డెన్ కళాకారుడు హాంపెల్ కుడిచేతిని బూర నోట్లో పెట్టి, వేళ్లతో దారి మూస్తూ తెరుస్తూ కొత్త స్వరాలు పలికించే పద్ధతిని తీర్చిదిద్దాడు. 1814లో జర్మనీకి చెందిన స్టోల్‌జెల్, మీట నొక్కితే గాలి దారి పొడవు మార్చే వాల్వు తెచ్చాడు. 1897లో ఎర్ఫుర్ట్ పట్టణపు తయారీదారు ఫ్రిట్జ్ క్రుస్పే రెండు శ్రుతుల గొట్టాలను ఒకే వాయిద్యంలో ఇమిడ్చి డబుల్ హార్న్ చేశాడు. నేటి ఆర్కెస్ట్రాల్లో కనిపించేది ఎక్కువగా ఆ వంశమే. కుడిచెయ్యి ఇప్పటికీ బూర నోట్లోనే ఉంటుంది, మీటలు ఎడమచేతి పని.

వాల్వులు వచ్చాక చాలామంది పాత హార్న్‌లను పారేయలేదు. గొట్టం కోయించి వాల్వులు పెట్టించుకున్నారు. కాబట్టి బూర నోటి మీద చెక్కిన పేరు ఒక కాలానిది, మధ్యలోని యంత్రం మరో కాలానిది కావచ్చు. టంకం గీతలు, అతుకులు, తయారీదారు చిరునామా, వాల్వు రకం చూసి నిపుణులు ఆ వరుస పట్టుకుంటారు.

తెలుగువారికి కొమ్ము, బాకా తరతరాలుగా తెలిసినవే. యూరప్ బ్యాండు మాత్రం సైన్యాలతో వచ్చింది. మద్రాసులోని సెయింట్ జార్జి కోట బ్యాండు బాణీలు విన్న ముత్తుస్వామి దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు, అవే నోటు స్వరాలు. ఆ తర్వాత ఇత్తడి బూరలు మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళాలయ్యాయి. వాటి తయారీకి దేశంలో పేరున్న చోటు మీరట్‌లోని జలీ కోఠీ, అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది. పెళ్లి మేళాల్లో ట్రంపెట్, యుఫోనియం కనిపించినంతగా ఫ్రెంచ్ హార్న్ కనిపించదు. అయితే లోహం ఒకటే కాబట్టి జబ్బులూ ఒకటే.

అన్నిటికంటే చెడ్డ జబ్బు లోపలి నుంచి వస్తుంది. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. ఊపిరి తేమకు, ఉమ్మిలోని రసాయనాలకు జింకు కరిగిపోయి, గుల్లబారిన రాగి మిగులుతుంది. పైకి గులాబీరంగు మచ్చలు కనిపిస్తాయి. మౌత్‌పీస్ పక్కనున్న గొట్టానికే ఇది ముందు సోకుతుంది. ముదిరితే మాటు వేసి లాభం లేదు, ఆ గొట్టాన్నే మార్చాలి. బయటి శత్రువు ఉప్పుగాలి. అరియాంకుప్పం, యానాం లాంటి తీరప్రాంతాల్లో తుడవకుండా వదిలేసిన ఇత్తడికి చిలుము త్వరగా పడుతుంది.

సొట్టలు తీయడానికి గొట్టం లోపలికి ఉక్కు గుండ్లు దూర్చి, పైనుంచి నెమ్మదిగా నొక్కుతూ రేకును సాపు చేస్తారు. బూర నోటి దగ్గర రేకు మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే. అతిగా కొడితే ఇంకా పలచబడి, పెళుసెక్కి చీలుతుంది. శ్రుతి సరిచేసే జారుడు గొట్టం, అంటే స్లైడు, బిగుసుకుంటే బలంగా లాగకూడదు. నూనె దిగనిచ్చి, కాస్త వేడి చూపి వదులు చేయాలి. చాలా హార్న్‌లలో మీటనూ వాల్వునూ కలిపేది సన్నటి దారం. అది తెగితే మారుమూల ఊళ్లో కూడా మందు దొరుకుతుంది. అరియాంకుప్పం పక్కనున్న వీరాంపట్టణం లాంటి జాలరి పల్లెల్లో వాడే గాలపు దారంలో అల్లిక రకం దానికి బాగా సరిపోతుంది.

ఎంతవరకు బాగుచేయాలన్నదే కష్టమైన ప్రశ్న. ఇంగ్లండు హార్న్ విద్వాంసుడు డెన్నిస్ బ్రెయిన్ 1957 సెప్టెంబరు 1న కారు ప్రమాదంలో చనిపోయినప్పుడు ఆయన వయసు 36. కారులో ఉన్న అలెగ్జాండర్ కంపెనీ హార్న్ నలిగిపోయింది. లండన్‌లోని పాక్స్‌మన్ సంస్థ దాన్ని మళ్లీ నిలబెట్టింది, ఇప్పుడది రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ సేకరణలో ఉంది. చూసేవారికి బ్రెయిన్ వాయించిన హార్న్ రూపం దక్కింది, ప్రమాదపు ఆనవాళ్లు మాత్రం చాలావరకు చెరిగిపోయాయి. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి.

రోజూ వాయించే హార్న్‌కు ఈ ధర్మసంకటం లేదు, పలికేలా చేయడమే ముఖ్యం. పాతదీ అరుదైనదీ అయితే తక్కువ ముట్టుకోవడమే మేలు. మెరుగు యంత్రం మీద పెడితే తళతళలాడుతుంది కానీ, చెక్కిన పేరూ, దాంతోపాటు దాని వయసుకు సాక్ష్యమూ అరిగిపోతాయి.

మీ ఊరి బ్యాండు మేళం ఇంట్లోనో, చర్చి అటక మీదో, బడి సామాన్ల గదిలోనో పాత ఇత్తడి బూర ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి ఇవ్వకండి. చింతపండు పెట్టి తోమకండి. దాని మీద చెక్కిన పేరు, ఊరు, అంకెలు ఫొటో తీసి, ఎవరు వాయించారో పెద్దలనడిగి రాసిపెట్టండి. మరమ్మతు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.