వేసవి రాత్రి పిండి పులియకుండునా? – నీటి ప్రసరణతో ఒక ఉపాయం

కూరగాయల టోకు సంతకు పేరు పొందిన ఒట్టన్‌చత్రంలో, చుట్టుపట్ల పల్లెల్లో, ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకొని సంసారాన్ని నెట్టుకువచ్చే ఇల్లాళ్ళు ఉన్నారు. చలికాలంలో తెల్లవార్లూ ఉంచినా నెమ్మదిగా పొంగే పిండి, చైత్ర వైశాఖాల్లో నడిరాత్రికే పుల్లబారుతుంది. ఒక ఏడు మా ఇంట శుభకార్యానికి రుబ్బిన పిండి తెల్లవారేసరికి పొంగి నేలపాలయింది. మిగిలినది నోట పెట్టరాని పులుపు. బియ్యం, మినుములు, ఆడవారి శ్రమ అన్నీ వృథా అయ్యాయి. అమ్ముకొనేవారికైతే అది ఒక రోజు కూలి పోయినట్లే.

కారణం తెలుసుకొందాం. పిండిని పొంగించేది ప్రధానంగా ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవి. 25 నుండి 30 డిగ్రీల వెచ్చదనం దానికి అనుకూలం. అది విడిచే బొగ్గుపులుసు వాయువు వల్లనే ఇడ్లీ మెత్తబడుతుంది. వేడి అంతకు మించితే పులుపును పెంచే ఇతర జీవులు త్వరగా విజృంభిస్తాయి. ఫ్రిజ్‌లో పెడితే పులియడమే దాదాపు ఆగిపోతుంది. కావున కావలసినది అతి చల్లదనం కాదు, నిలకడైన చల్లదనం.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. జర్మనీలో బీరు కాచేవారు పులియబెట్టే తొట్లను చల్లగా ఉంచలేక పూర్వం మంచుగడ్డలపై ఆధారపడేవారు. 1870ల దశకంలో కార్ల్ లిండే శీతల యంత్రాన్ని మ్యూనిక్ నగరపు బీరు కర్మాగారంలోనే పరీక్షించాడు. నేడు విదేశాల్లో ఇంట బీరు చేసుకొనేవారు సైతం పాత్ర చుట్టూ చల్లని ద్రవాన్ని పంపుతో తిప్పుతారు. అదే సూత్రం మన పిండికీ పనికివస్తుంది.

కావలసిన వస్తువులు: పిండి పట్టే స్టీలు పాత్ర, దానికంటె పెద్ద ప్లాస్టిక్ తొట్టి, వెడల్పు మూతి గల మట్టితొట్టి, ఎయిర్ కూలర్‌లో వాడే చిన్న నీటి పంపు, రెండు గొట్టాలు.

ప్లాస్టిక్ తొట్టిని ఎత్తైన పీటపై ఉంచి, లోపల ఇటుకలపై స్టీలు పాత్రను నిలపాలి. తొట్టికి పైభాగాన రంధ్రం చేసి గొట్టం బిగిస్తే, ఎక్కువైన నీరు దిగువనున్న మట్టితొట్టిలోకి జారుతుంది. అక్కడినుండి పంపు నీటిని మరల పైకి పంపుతుంది. పాత్రను ఆనుకొన్న నీరు వేడెక్కి అక్కడే నిలవక, చల్లని నీరు దాని స్థానానికి వస్తుంది. ప్రసరణ వల్ల లాభం ఇదే. మట్టితొట్టికి తడి గోనె చుట్టి గాలి వీచే చోట ఉంచాలి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకాలరీల వేడిని లాగుకొంటుంది. ఈశాన్య ఋతుపవనాల వేళ గాలిలో తేమ హెచ్చు గనుక ఈ ఫలితం తగ్గుతుంది.

20 కిలోల పిండిని 34 నుండి 28 డిగ్రీలకు దించాలంటే సుమారు 100 కిలోకాలరీలు తొలగించాలి. ఒక కిలో మంచుగడ్డ కరిగి 25 డిగ్రీల నీరయ్యేసరికి దాదాపు అంతే వేడిని గ్రహిస్తుంది. బయటి వేడి కూడా లోపలికి చొరబడుతుంది గనుక మరికొంత మంచు సిద్ధంగా ఉంచుకోవాలి. ఉష్ణమాపకం 27 చూపగానే పంపు ఆపవచ్చు.

చిక్కని పిండికి నడిమి భాగం ఆలస్యంగా చల్లబడుతుంది. కలియబెడితే వాయువు పోతుంది. అందువల్ల మొదటే చల్లని నీటితో రుబ్బడం అన్నిటికంటె చౌకైన పద్ధతి. ఒక పెద్ద పాత్రకు బదులు రెండు చిన్నవి మేలు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. తొట్టినీరు పిండి మట్టం దాటరాదు. దాటితే పాత్ర తేలి ఒరుగుతుంది. నీరు పోసే గొట్టపు కొన నీటిలో మునగరాదు. మునిగితే కరెంటు పోయినప్పుడు తొట్టినీరంతా వెనుకకు జారిపోతుంది. నీటిని ప్రతిదినం మార్చాలి, లేకుంటే దోమలు చేరుతాయి. ప్లగ్గు తీయనిదే నీటిలో చేయి పెట్టరాదు.

పెద్ద యంత్రం కొనలేని ఇంట కూడా ఈ ఏర్పాటు సాధ్యమే. ముందు ఒక చిన్న పాత్రతో ఒక రాత్రి ప్రయత్నించి చూడండి. ఉదయం పిండి రుచే మీకు తీర్పు చెబుతుంది.