ఒక సంగీతమందిరము పేరు మార్పు: విగ్రహవాక్య దృష్టితో పరిశీలనము

సమాసమునకు విగ్రహవాక్యము చెప్పుట పరీక్షకొఱకు మాత్రమే పనికివచ్చు విద్య యని మన విద్యార్థులు తలచుట కద్దు. ఒక సమాసమును ఏ విభక్తితో విడదీయవలెనను ప్రశ్నపై ఒక నగరమంతయు రెండు పక్షములుగా చీలిన సందర్భము ఇటీవలి చరిత్రలో కలదు. ఇంగ్లండు దేశమున బ్రిస్టల్ నగరమందు 1867లో తెఱచిన సంగీతమందిరమునకు ‘కోల్‌స్టన్ హాల్’ అని పేరు. 2020 సెప్టెంబరులో ఆ పేరు తీసివేసి ‘బ్రిస్టల్ బీకన్’ అని పెట్టిరి. బీకన్ అనగా దారి చూపుటకై ఎత్తున వెలిగించు జ్యోతి. ఈ మార్పును గూర్చి పౌరులు పలికిన పలుకులు నామవిజ్ఞానమునందు ఆసక్తి గలవారు పరిశీలింపదగినవి.

ఎడ్వర్డ్ కోల్‌స్టన్ (1636-1721) బ్రిస్టల్‌లో జన్మించిన వర్తకుడు. ఆ నగరమందలి పాఠశాలలకును, వృద్ధుల ఆశ్రయగృహములకును విశేషముగా ధనమిచ్చెను. ఆ దాతృత్వమును స్మరించి 1895లో ఆతని కాంస్యవిగ్రహమును నగరమధ్యమున నిలిపిరి. కాని ఆ సంపదలో ఆఫ్రికా బానిసల వ్యాపారమునకు భాగము కలదు. 1680 నుండి 1692 వఱకు ఆతడు రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో సభ్యుడు. ఆ కాలమున ఆ కంపెనీ సుమారు 84,000 మంది ఆఫ్రికనులను బానిసలుగా తరలించినదనియు, వారిలో సుమారు 19,000 మంది సముద్రముమీదనే ప్రాణములు విడిచిరనియు అంచనా.

ఇచట సాధారణముగా మఱచిపోవు విషయమొకటి కలదు. ఈ మందిరమును కట్టినది కోల్‌స్టన్ కాదు. ఆతని ధనమును కాదు. ఆతడు మరణించిన 146 ఏండ్లకు అది వెలసినది. కోల్‌స్టన్ స్థాపించిన బాలుర పాఠశాల పూర్వము ఆ స్థలముననే యుండుటచే ఆ పేరు మందిరమునకు సంక్రమించినది. 1898లో ఒకసారి, 1945లో మఱియొకసారి మందిరము అగ్నికి ఆహుతియైనది. 1951లో పునర్నిర్మితమైనది. గోడలు మాఱినను పేరు మాఱలేదు.

ఇక ‘కోల్‌స్టన్ హాల్’ అను సమాసమును విడదీసి చూతము. ‘గోదావరీనది’ యనగా గోదావరి యను పేరుగల నది. అట్లే ‘కోల్‌స్టన్ అను పేరుగల హాలు’ అన్నచో సంభావనా పూర్వపద కర్మధారయమగును. అప్పుడు పూర్వపదము గుర్తు మాత్రమే. మనిషి అందు లేడు. ‘కోల్‌స్టన్ యొక్క హాలు’ అన్నచో షష్ఠీతత్పురుషము. ‘కోల్‌స్టన్ కొఱకు’, అనగా ఆతని గౌరవార్థము, అన్నచో చతుర్థి. వెనుకటి రెండింటను మనిషి యున్నాడు. షష్ఠి చరిత్రకు నిలువదని పైన చూచితిమి. కావున వాదము నిజముగా ప్రథమకును చతుర్థికిని నడుమ జరిగినదే.

మందిరమును నిర్వహించు సంస్థ, పునర్నిర్మాణానంతరము పాతపేరు ఉండబోదని 2017 ఏప్రిలులో ప్రకటించెను. వెంటనే నిరసనలు వెలువడెను. ఇక ఆ గడప త్రొక్కమనిన వారును కలరు. నిరసించిన వారందఱును బానిసల వ్యాపారమును సమర్థించిరనుట అన్యాయము. వారిలో అనేకులకు అది తమ యౌవనమున పాటలు వినిన తావు, 1963, 1964 సంవత్సరములలో బీటిల్స్ బృందము పాడిన వేదిక. వారి చెవికి కోల్‌స్టన్ అనగా మనిషి కాదు, ఆ తావే. రూఢమైన పేరును పోగొట్టుకొనుటలో బాధ కలదు. దానిని పరిహసించుట తగదు.

ఎదుటి పక్షమువారికి ఆ పేరు ఎన్నడును రూఢి కాలేదు. బ్రిస్టల్‌లోనే పుట్టిన మాసివ్ అటాక్ అను ప్రసిద్ధ సంగీతబృందము ఆ పేరున్నంత కాలము అచట పాడమని ఏండ్ల తరబడి నిరాకరించినది. బానిసలుగా కొనిపోబడినవారి సంతతివారు ఆ నగరమున ఎందఱో కలరు. టిక్కెట్టుపై ఆ పేరు చదువునపుడు వారికి వినబడునది చతుర్థియే.

పేరు తీసివేసినచో చరిత్ర తుడిచిపెట్టినట్లగునని మఱి కొందఱు వాదించిరి. ఈ వాదమున నాకు బలము కనబడదు. 150 ఏండ్లు ఆ పేరు పలికినవారిలో ఎందఱు దానివలన బానిసల ఓడలను గూర్చి తెలిసికొనిరి? పేరు చరిత్రను చెప్పదు. చెప్పినది ఈ వివాదమే.

2020 జూన్ 7న జాతివివక్షపై నిరసన తెల్పు జనులు కోల్‌స్టన్ విగ్రహమును పడద్రోసి, ఈడ్చుకొనిపోయి, ఓడరేవు నీటిలో వేసిరి. (‘విగ్రహ’ శబ్దమునకు గల రెండర్థములును ఒక్క వ్యాసమున ఇట్లు కలియునని నేననుకొనలేదు.) ఆ నెలలోనే మందిరముపైనున్న అక్షరములను తొలగించిరి. సెప్టెంబరులో క్రొత్తపేరు ప్రకటింపగా విమర్శ మఱియొక రూపము దాల్చెను. అది చప్పని పేరనియు, హాలు అను మాటయే లేనందున అదేమి కట్టడమో తెలియదనియు ఆక్షేపించిరి. పాతపేరును అర్థమడుగని వారు క్రొత్తపేరును అర్థమడిగిరి! ఇది సహజమే. ‘బ్రిస్టల్ యొక్క జ్యోతి’ యని క్రొత్త సమాసము నోటనున్నంతనే విడిపోవును. అందలి రూపకము ఇంకను పచ్చిగా నున్నది. అర్థము అరిగిపోవువఱకు పేరు పేరుగా నిలువదు.

పేరు వెనుక మనిషి నడవడిగాక ధనమున్నచోట వాదము వేఱుగా నుండును. న్యూయార్కు లింకన్ సెంటరులో 1962లో తెఱచిన ఫిల్హార్మోనిక్ హాలు, ధ్వనియంత్రముల నిర్మాత ఏవరీ ఫిషర్ ఇచ్చిన విరాళమువలన 1973లో ఆతని పేరు పొందినది. 2014లో ఫిషర్ కుటుంబమువారికి 1 కోటి 50 లక్షల డాలర్లిచ్చి ఆ పేరును విడిపించిరి. 2015లో 10 కోట్ల డాలర్ల విరాళమునకు డేవిడ్ గెఫెన్ పేరు పెట్టిరి. అచట పేరు అమ్ముడుపోయినదని వగచినవారు కలరు గాని, ఆ పేరు పలుకుటకు నోరు రాదనిన వర్గమేదియు లేదు. బ్రిస్టల్‌లోని వేడికి కారణము ఈ భేదమే.

బ్రిస్టల్ మందిరము 2023 నవంబరులో మరల తెఱచుకొన్నది. విగ్రహము మ్యూజియమునకు చేరినది. పాతపేరుతో పిలుచువారు నేటికిని కలరు. వారిలో పట్టుదలకొఱకు పలుకువారెవరో, అలవాటుచొప్పున పలుకువారెవరో వినినంతమాత్రమున తెలియదు. సమాసము రెండువిధములను ఒక్కటే. విగ్రహవాక్యమును వారినే అడుగవలెను.