పటము పోయినను బొమ్మ నిలుచునా?

కామాటిపురాలో గాని, వర్లీ, పరేలు చాళ్ళలో గాని మన కుటుంబములు కాపురముండిన గదులు చాలవరకు పది, పన్నెండు అడుగులవే. గోడకు మార్కండేయస్వామి పటము. కాని మన పెద్దలకు పటమనగా మరియొకటి. అది మూడడుగుల వెడల్పు, నలుబదడుగులకు మించిన పొడవు గల గుడ్డ చుట్ట. తెలంగాణపు పల్లెలలో కూనపులివారు మన వాకిళ్ళకు వచ్చి, దానిని గడి గడిగా విప్పుచు మార్కండేయ, భావనాఋషుల కథ పాడెడివారు. మన మిచ్చు కానుకలతో వారు బ్రతికిరి. వారు వ్రాయించుకొను పటములతో నకాశీవారు బ్రతికిరి.

ఆ పని మన పనికి దూరమైనది కాదు. నేతగుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరిన పిదప ఎర్రని నేలపై బొమ్మలు వ్రాయుదురు. మనము పడుగుకు పెట్టు గంజియే అక్కడ బొమ్మకు పునాది.

మనవారు పెక్కురు బొంబాయి మిల్లులకు వలస వచ్చిరి. ఊళ్ళలో సినిమా, టెలివిజన్ వచ్చి కథ వినువారు తగ్గిరి. పటము వ్రాయించువారు లేక పలు నకాశీ కుటుంబములు పని మానుకొన్నవి. సిద్దిపేట జిల్లా చేర్యాలలోను, హైదరాబాదులోను మిగిలిన కొద్ది కుటుంబములవారు, ధనాలకోట వైకుంఠం గారి ఇంటివారివలె, ఇప్పుడు ఇంటిల్లిపాది కూర్చుండి ట్రేలపై, పెట్టెలపై, కలముల డబ్బాలపై, తాళపుచెవులు తగిలించు పలకలపై ఆ బొమ్మలే వ్రాయుచున్నారు.

ఇది కళకు తగ్గుదల యని కొందరందురు. మాకట్లు తోచదు. షోలాపురములో చీరలకు గిరాకి తగ్గగా మనవారు దుప్పట్లు, తువ్వాళ్ళు నేసి మగ్గమును నిలుపుకొనిరి. 1982 జనవరి 18న మొదలైన సమ్మెతో మిల్లుపని పోయిన ఇండ్లకు, పని మార్చుకొని బ్రతుకుట యెట్టిదో చెప్పనక్కరలేదు.

అయితే ఒక నష్టము గలదు. బజారున కొనువారు పల్లెపడుచుల బొమ్మలు కోరుదురు, భావనాఋషిని ఎవరడుగుదురు? మనము అడుగనిచో ఆ బొమ్మ వ్రాయు చేయి దానిని మరచిపోవును.

నలుబదడుగుల పటము విప్పుటకు మన గదిలో చోటు లేదు. ఒక ట్రేకు, ఒక పలకకు చోటున్నది. పెండ్లి కానుకకు స్టీలు గిన్నెకు బదులు, ముందుగా చెప్పి, భావనాఋషి తామరతూటి దారముతో దేవతలకు వస్త్రము నేయు బొమ్మ వ్రాయించుడు. అచ్చుబొమ్మ నకలు చౌకగా దొరకవచ్చును. మరమగ్గపు గుడ్డను చేనేత యని అమ్మిననాడు మనకు కలుగు నష్టమే దానివలన వారికిని కలుగును. వారు ధర చెప్పినప్పుడు మన చేతిని తలచుకొని బేరమాడుడు. మేము కోరున దింతే.