బ్యాంకు పనులకు తేట తెలుగు సూచనలు

మంచిర్యాల పట్టణము గోదావరికి ఉత్తరపు ఒడ్డున ఉన్నది. దానికి చేరువనున్న శ్రీరాంపూర్, మందమర్రి ప్రాంతములలో సింగరేణి బొగ్గు గనులు కలవు. గని కార్మికుని జీతము నేడు బ్యాంకు ఖాతాలో జమ అగును. దూరమున చదువుకొను కుమార్తెకు అందులో కొంత పంపుటకు అతడు బ్యాంకుకు పోనక్కరలేదు, సెల్‌ఫోను చాలును. కాని గుమాస్తా నోటిమాటకు బదులు ఇప్పుడు తెర మీది సూచనలే దారి చూపవలెను. అవి తికమకగా ఉన్నచో కష్టార్జితము పరుల పాలగును.

సూచనలు వ్రాయువారు మొదట మనిషి జ్ఞాపకశక్తికిగల హద్దును గుర్తింపవలెను. మనిషి ఒక్కసారి విని వెంటనే అప్పగింపగల అంశములు ఏడుకు రెండు అటు ఇటుగా ఉండునని 1956లో జార్జి మిల్లర్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు తెలిపెను. ఆ సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉండునని 2001లో నెల్సన్ కోవన్ వాదించెను. కావున పది పనులను ఒకే పేరాలో కుక్కరాదు. వరుస సంఖ్యలు వేసి, ఒక్కొక్క సంఖ్య క్రింద ఒక్క పనినే చెప్పవలెను.

రెండవది, తప్పు పుట్టు చోటనే హెచ్చరిక ఉండవలెను. ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్‌లో 11 గుర్తులు ఉండును. మొదటి నాలుగు అక్షరములు బ్యాంకును, చివరి ఆరు గుర్తులు శాఖను తెలుపును. నడుమనున్న ఐదవది సున్న. అయితే చూపునకు ఆంగ్లములోని ‘ఓ’ వలె తోచును. “కోడ్ నింపండి” అనుటకంటె “ఐదవది సున్న, ‘ఓ’ కాదు” అని చేర్చుట మేలు.

మూడవది, మాటల వరుస. ఈ రెండు వాక్యములను చూడుడు: “పంపు అనే బటన్ నొక్కండి. నొక్కే ముందు పేరు సరిచూడండి.” మొదటి వాక్యము చదువగనే వ్రేలు బటన్ నొక్కివేయును, రెండవది వ్యర్థమగును. ఖాతా సంఖ్యలో ఒక అంకె మారినను డబ్బు వేరొకరికి చేరవచ్చును. అందుచేతనే నెఫ్ట్, ఆర్.టి.జి.ఎస్. పద్ధతులలో పంపువారికి ఖాతాదారుని పేరు ముందుగా కనబడు ఏర్పాటును 2025 ఏప్రిల్ 1 లోపల కల్పింపవలెనని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించినది. ఆ పేరును చూడుమని చెప్పు వాక్యము బటన్‌కు ముందే రావలెను. అట్లే “డబ్బు అందుకోవడానికి యు.పి.ఐ. పిన్ అవసరం లేదు” అను మాట పుట పైభాగముననే ఉండవలెను, మోసగాండ్రు ఈ అజ్ఞానము మీదనే ఆధారపడుదురు.

నాలుగవది, పదముల ఎన్నిక. ‘లబ్ధిదారుడు’ అనుటకంటె ‘డబ్బు అందుకునేవారు’ అనుట తేట. అందరి నోట నలిగిన ‘ఓటీపీ’ని మార్చి కొత్త పదము కల్పింపనక్కరలేదు. బటన్ మీద ఏ మాట ఉన్నదో సూచనలోను అదే ఉండవలెను. 1948లో రుడాల్ఫ్ ఫ్లెష్ ఆంగ్ల రచన సులభతను కొలుచుటకు వాక్యములోని పదములను, పదములోని ధ్వని భాగములను లెక్కించు సూత్రము నిర్మించెను. ‘పంపవలసివచ్చినప్పుడు’ అనునది తెలుగున ఒకే పదము. కనుక ఆ సూత్రము ఉన్నదున్నట్లు మనకు పనికిరాదు.

మరి తెలుగు సూచనలను పరీక్షించుట యెట్లు? ఇది పాఠశాలలోనే చేయదగిన ప్రయోగము. విద్యార్థులు తెరల బొమ్మలను కాగితముల మీద గీసి, సూచనలు వ్రాసి, ఈ పని ఎరుగని పెద్దవారికి ఇయ్యవలెను. అసలు పిన్‌గాని, అసలు డబ్బుగాని వాడరాదు. తరువాత మాటాడక, వారి వ్రేలు ఆగిన చోట్లను గుర్తింపవలెను. వ్రేలు ఆగినచోట దోషము చదివినవారిది కాదు, వ్రాసిన వాక్యముది. ఆ వాక్యమును దిద్ది, మరియొకరికి ఇచ్చి చూడవలెను.