నల్లకోటు వేశారు సరే... ఈ మూడేళ్లూ ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో కొత్తగా జూనియర్‌గా చేరినవాళ్లని ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న ‘నెలకి ఎంతిస్తారు?’. జవాబు చెప్పడం కష్టం. సీనియర్ ఇచ్చేది పెట్రోలుకి సరిపోతే అదే గొప్ప. అందుకే చాలామంది ఎల్‌ఎల్‌బీ అవ్వగానే జడ్జి పరీక్షల కోచింగ్‌కి వెళ్లిపోయేవారు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలంది.

ఆ మూడేళ్లూ ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ రోజు నుంచే లెక్క. కాబట్టి బార్ పరీక్ష అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. ఫీజు భయమూ తగ్గింది. 2024 జులై 30 నాటి తీర్పు ప్రకారం ఎన్‌రోల్‌మెంట్‌కి జనరల్ వాళ్లు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలు 125 కడితే చాలు. ప్రాక్టీసు సర్టిఫికెట్ మీద కోర్టు ప్రధాన న్యాయాధికారి సంతకం కావాలి. ఎక్కడో కోచింగ్ సెంటర్‌లో కూర్చుని పేరు మాత్రం బార్‌లో ఉంచితే ఇబ్బందే. వకాల్తాలో మీ పేరు వేయించుకోండి, వాయిదాల డైరీ రాయండి.

మరి డబ్బులు? నాల్సా 2022లో తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పథకంలో అసిస్టెంట్ పోస్టులు మూడేళ్లలోపు ప్రాక్టీసు ఉన్నవాళ్ల కోసమే. లాయర్‌ని పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించాలి. నెలనెలా గౌరవవేతనం వస్తుంది, కానీ ప్రైవేటు కేసులు పట్టకూడదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. క్రిమినల్ వైపు ఇంకో మంచి సంగతుంది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి. సీనియరూ జూనియరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకోవాల్సి వచ్చింది.

ఇక ఏఐ. నోటీసులు, అద్దె అగ్రిమెంట్ల డ్రాఫ్టు అది నిమిషాల్లో రాసేస్తుంది, అందులో మొహమాటం లేదు. కానీ 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన కేసుల్ని కోర్టులో పెడితే, వాటిలో ఆరు అసలు లేనే లేవని తేలి 5,000 డాలర్ల జరిమానా పడింది. సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి చెబుతున్నా: అది తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కడుతుంది, అంతే. తీర్పు ఉందో లేదో చూసుకోవాల్సింది మీరే.

అయినా మన జిల్లాల్లో అసలు పని అది చదవలేని కాగితాల్లో ఉంది. ఇక్కడి ఊళ్లు చాలావరకూ ఒకప్పటి విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీలవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత పట్టాలు ఎలా వచ్చాయో తెలియకపోతే ఈ భూమి కేసు అర్థం కాదు. చేతిరాత దస్తావేజు, మారిపోయిన సర్వే నంబరు, పైగా ‘మా తాత పేరునే ఉండేది బాబూ, ఇప్పుడేటైపోయిందో’ అనే కక్షిదారు. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు చుట్టుపక్కల భూమి కొనేవాడికైనా, అప్పిచ్చే బ్యాంకుకైనా ముందు కావాల్సింది టైటిల్ సరిగ్గా చూసే లాయరు. నా లెక్కలో హైదరాబాద్ కార్పొరేట్ ఆఫీసు కన్నా ఇక్కడ నేర్చుకునేది ఎక్కువ.

ఎవరి దగ్గర చేరాలో తేలకపోతే ఓ సాయంత్రం ఆ సీనియర్ ఆఫీసుకి వెళ్లి కూర్చోండి. జూనియర్లు ఫైలు చదువుతున్నారా, జెరాక్స్ షాపుకీ ఆఫీసుకీ తిరుగుతున్నారా చూస్తే తెలిసిపోతుంది.